యంత్రం దిద్దేది, మనిషి దిద్దవలసింది: వెబ్ పేజీల పరీక్షకు నియమాలు ఏర్పడిన చరిత్ర



జవాబు పత్రాలు దిద్దడం మన వృత్తిలో సగభాగం. బిట్ పేపరు దిద్దేటప్పుడు పెద్దగా ఆలోచించనక్కర లేదు. కీ పక్కన పెట్టుకొంటే ఎవరు దిద్దినా అవే మార్కులు వస్తాయి. వ్యాసరూప ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అలా కుదరదు. ఒకే జవాబుకు ఒకరు ఆరు వేస్తే మరొకరు తొమ్మిది వేస్తారు. అందుకే స్పాట్ వాల్యుయేషన్ తొలిరోజున అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందుగా తేల్చి, ఆ తరువాతే కట్టలు విప్పుతారు. ఈ వ్యాసంలో చెప్పబోయే చరిత్ర అంతా ఆ తొలిరోజు సమావేశం వంటిదే. కాకపోతే అది ముప్పై ఏళ్లుగా సాగుతున్నది, అక్కడ దిద్దుతున్నవి వెబ్ పేజీలు.

చూపు లేనివారు, చూపు తక్కువైనవారు, చెవులు వినపడనివారు, మౌసు పట్టుకోలేనివారు ఒక పేజీని వాడుకోగలరా, లేదా అని తేల్చడమే ఆ పరీక్ష ఉద్దేశం. ఇది మనకెందుకు అని మీరు అడగవచ్చు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, సిరోంచలోనో ఉన్న తెలుగు పిల్లవాడికి అచ్చుపుస్తకం చేతికి అందకపోతే అంతర్జాలంలోని ప్రతే ఆధారమవుతుంది. ఆ పిల్లవాడికి చూపు కూడా లేకపోతే, ఆ ప్రతిని అతనికి చదివి వినిపించవలసింది స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాము. అది చదవగలిగేలా పేజీ ఉన్నదో లేదో చూసేవారెవరు? ఏ కొలతతో చూస్తారు?

కథ ఒక బొమ్మతో మొదలైంది. తొలినాటి జాలం చాలావరకు అక్షరాలమయం. అక్షరాలను గొంతుగా మార్చే ప్రోగ్రాములు 1980లలోనే ఉండటం వల్ల, చూపు లేనివారికి ఆ కొత్త లోకం కొంత అనుకూలంగానే ఉండేది. 1993 ఫిబ్రవరిలో, మొజాయిక్ బ్రౌజరును తయారుచేస్తున్న మార్క్ ఆండ్రీసన్, పేజీ మధ్యలో బొమ్మను నిలపడానికి ఒక ట్యాగును ప్రతిపాదించాడు. బొమ్మ ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి అందులో చోటున్నది గాని, బొమ్మలో ఏమున్నదో మాటల్లో చెప్పడానికి చోటు లేదు. 1995లో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ఆ చోటును కల్పించింది. దాని పేరు ‘ఆల్ట్’. అయితే అది రాయడం, రాయకపోవడం పేజీ చేసేవారి ఇష్టం. 1997 డిసెంబరులో వచ్చిన 4.0లో దానిని తప్పనిసరి చేశారు. తప్పనిసరి అన్నమాటే గాని, అది లేకున్నా బ్రౌజరు పేజీని ఎప్పటిలాగే చూపించేది. ఇంటిపని చేయకపోయినా ఎవరూ అడగని తరగతిలో ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

1995లోనే అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, ట్రేస్ కేంద్రంలో పనిచేసే గ్రెగ్ వాండర్‌హైడన్ అందరికీ పనికివచ్చే పేజీలు ఎలా రాయాలో సూచనలు కూర్చడం మొదలుపెట్టాడు. ఆయనలాగే మరికొందరు తమ తమ జాబితాలు తయారుచేసుకొన్నారు. 1997లో డబ్ల్యూ3సీ అనే ప్రమాణాల సంస్థ ఇందుకోసం ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. ట్రేస్ కేంద్రం ఒకటిగా కూర్చిన జాబితా ఆధారంగా 1999 మే 5న డబ్ల్యూసీఏజీ 1.0 వెలువడింది. అందులో 14 మార్గదర్శకాలు, వాటి కింద 65 పరీక్షాంశాలు, వాటికి మూడు ప్రాధాన్య స్థాయిలు.

ఇక్కడ ఒక చమత్కారం గమనించండి. మొట్టమొదటి పరీక్షాంశం, అక్షరం కానిదానికి అక్షరరూపం ఇవ్వమంటుంది. దానిలో కనీసం సగం పనిని యంత్రం చూడగలదు. పద్నాలుగవ మార్గదర్శకంలోని ఒక అంశం మాత్రం, విషయానికి తగినంత స్పష్టమైన, సరళమైన భాష వాడమంటుంది. అది కూడా మొదటి ప్రాధాన్యంలోనే ఉన్నది! సరళమైన భాష ఏదో నిర్ణయించడానికి ఇద్దరు తెలుగు పండితులను ఒక గదిలో కూర్చోబెట్టి చూడండి. సాయంత్రానికి వారు ఒక మాట మీదికి వస్తే అదే గొప్ప. ఒక అంశం బిట్ పేపరు, మరొకటి వ్యాసరూప ప్రశ్న. రెండింటినీ ఒకే పట్టికలో, ఒకే విలువతో ఉంచారు. తరువాతి చిక్కులకు చాలావరకు మూలం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

మార్గదర్శకాలు పూర్తికాక ముందే యంత్రం రంగంలోకి దిగింది. 1996లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్యాస్ట్ అనే విద్యా సంస్థ ‘బాబీ’ అనే ఉచిత సాధనాన్ని విడుదల చేసింది. బ్రిటను పోలీసులను వాడుకలో బాబీలంటారు. దాని గుర్తు ఆ పోలీసు టోపీ. ఏదైనా పేజీ చిరునామా ఇస్తే, లోపాలున్న చోట్ల గుర్తులు వేసి చూపేది. నెగ్గిన పేజీల వారు ‘బాబీ ఆమోదించింది’ అనే ముద్రను తమ పేజీలో తగిలించుకోవచ్చు. విద్యారంగంలో పనిచేసేవారు తయారుచేసిన సాధనం కాబట్టి దానికి ఒక మంచి గుణం ఉండేది: తాను తేల్చలేని వాటిని వేరే జాబితాగా ఇచ్చి, ఇవి మీరే చూసుకోండి అని చెప్పేది. ముద్ర మీద మోజుతో ఆ రెండవ జాబితాను చదివినవారు తక్కువ. ఆల్ట్ లేదని యంత్రం అంటే, ఆల్ట్‌లో ‘బొమ్మ’ అనే ఒక్క మాట రాసి పడేసేవారు. యంత్రం సంతృప్తి పడేది. భారతదేశ పటం దగ్గర స్క్రీన్ రీడర్ ‘బొమ్మ’ అని చెప్పి ముందుకు సాగిపోయేది. బాబీ 2002లో వాచ్‌ఫైర్ అనే వాణిజ్య సంస్థ చేతికి వెళ్ళి, ఆ దశాబ్దం ముగియక ముందే కనుమరుగయింది.

ఈ మోసాన్ని పట్టాలన్న ప్రయత్నం 2000 ఏప్రిల్‌లో జరిగింది. వెండీ చిజమ్, క్రిస్ రిడ్‌పాత్ సంపాదకత్వంలో, పరీక్షించే సాధనాలు ఏ అంశాన్ని ఎలా పరీక్షించాలో వివరించే ముసాయిదా ఒకటి డబ్ల్యూ3సీ నుంచి వెలువడింది. నియమాల చరిత్రలో దీనికి దక్కవలసిన గౌరవం దక్కలేదు. ఆల్ట్ ఉంటే చాలదు, అందులో ఉన్నది ఫైలు పేరైతే అనుమానించు, 150 అక్షరాలు మించితే అనుమానించు, అని అది సాధనాలకు చెప్పింది. రంగుల మధ్య తేడాను లెక్కించే సూత్రం కూడా ఇచ్చింది: వెలుగులో తేడా 125, రంగులో తేడా 500 ఉండాలి. ఆ ముసాయిదా ఏనాడూ తుది రూపం పొందలేదు. అయినా అందులోని అంకెలను సాధనాల రచయితలు ఏళ్ల తరబడి వాడుతూ వచ్చారు. 150 అక్షరాలన్న లెక్క ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకొన్నది. మన ‘స్త్రీ’ చూడటానికి ఒక్క అక్షరం. కంప్యూటరు లెక్కలో ఆరు. తెలుగు వర్ణన ఆ హద్దును ఎంత త్వరగా దాటుతుందో మీరే ఊహించుకోవచ్చు.

అదే ఏడాది ఆగస్టులో ఈ వ్యవహారం న్యాయపీఠం ముందుకు చేరింది. బ్రూస్ మాగ్వైర్ అనే చూపు లేని ఆస్ట్రేలియా పౌరుడు, సిడ్నీ ఒలింపిక్ క్రీడల వెబ్‌సైటును తాను వాడుకోలేకపోతున్నానని 1999లో ఫిర్యాదు చేశాడు. బొమ్మలకు ఆల్ట్ లేదు, ఆటల జాబితా అందదు, ఫలితాల పట్టికలు అందవు. సవరించడానికి విపరీతమైన ఖర్చు, శ్రమ అవుతాయని నిర్వాహకులు వాదించారు. పని అంత పెద్దది కాదని మరో పక్షపు నిపుణులు సాక్ష్యం చెప్పారు. మానవ హక్కుల కమిషన్ మాగ్వైర్ పక్షాన తీర్పు చెప్పింది. సవరణలు పూర్తి కాకపోవడంతో నిర్వాహకులు 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం చెల్లించవలసి వచ్చింది. 2001 జూన్ 21 నుంచి అమెరికా ప్రభుత్వ శాఖల సైట్లకు 508వ సెక్షను కింద 16 నియమాలు అమలులోకి వచ్చాయి. మార్గదర్శకం చట్టంగా మారిన క్షణం నుంచి ప్రశ్న స్వరూపమే మారింది. ‘బాగుందా’ అన్న ప్రశ్న పోయి ‘నెగ్గిందా, తప్పిందా’ అన్న ప్రశ్న వచ్చింది. తప్పిందని తీర్పు చెప్పాలంటే, ఇద్దరు పరీక్షకులు ఒకే మాట చెప్పగలగాలి.

చెప్పగలిగారా? 2004లో బ్రిటనులోని వికలాంగుల హక్కుల కమిషన్ ప్రకటించిన పరిశీలన ఈ విషయంలో కళ్లు తెరిపించేది. వారు 1000 వెబ్‌సైట్లను యంత్రంతో పరీక్షించారు. కనీస స్థాయి నెగ్గని వాటి వాటా 81 శాతం. అంతటితో ఆగకుండా, వాటిలో 100 సైట్లను వికలాంగులైన 50 మంది చేత వాడించి చూశారు. వారికి ఎదురైన ఇబ్బందుల్లో 45 శాతం అసలు ఏ పరీక్షాంశాన్నీ ఉల్లంఘించనివి. అంటే అన్ని మార్కులూ వచ్చిన పేజీ కూడా ఆ మనిషికి కొరకరాని కొయ్యగా ఉండవచ్చునన్న మాట. మార్గదర్శకాలే పనికిరావని కొందరు ఈ అంకెను ఎత్తి చూపారు. నాకు అలా తోచదు. కీ ప్రకారం దిద్దినంత మాత్రాన బోధన పూర్తయినట్లు కాదని మనకు తెలుసు. అలాగని కీ లేకుండా దిద్దమనము కదా.

2008 డిసెంబరు 11న వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 ఈ అనుభవం నుంచి పుట్టింది. అందులోని 61 అంశాలను పరీక్షించదగిన వాక్యాలుగా తీర్చిదిద్దారు. యంత్రం తేల్చాలి, లేదా విషయం తెలిసిన మనుషులు చూసి తేల్చాలి. తేల్చడమంటే, నిపుణుల్లో కనీసం 80 శాతం మంది ఒకే నిర్ణయానికి రావాలన్నది అప్పటి భావన. 2010లో బ్రాయ్నిక్, యెసిలాడా, హార్పర్ అనే పరిశోధకులు దానిని పరీక్షకు పెట్టారు. నిపుణుల మధ్య కూడా దాదాపు సగం అంశాలలో ఆ 80 శాతం అందలేదు. స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులో పనిచేసినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ కనిపించదు.

యంత్రాల పరిస్థితీ అంతే. ఒకే పేజీని రెండు సాధనాలకు ఇస్తే ఒకటి పన్నెండు లోపాలంటుంది, మరొకటి నాలుగంటుంది. ఒక్కో సంస్థ డబ్ల్యూసీఏజీని తనకు తోచినట్లు అర్థం చేసుకొని తన నియమాలు రాసుకోవడమే దీనికి కారణం. యూటా స్టేట్ విశ్వవిద్యాలయపు వెబ్‌ఎయిమ్ వారి ‘వేవ్’ ఒక పద్ధతి. 2015లో డీక్యూ సంస్థ అందరికీ తెరిచి ఇచ్చిన ‘యాక్స్’ మరొక పద్ధతి. యాక్స్ పద్ధతి నాకు నచ్చుతుంది: లేని తప్పును ఉన్నదని చెప్పకూడదన్నది దాని నియమం, తనకు తెలియనిది మనిషి పరిశీలనకు వదిలేస్తుంది. తప్పు కాని దానికి ఎర్ర సిరా పెట్టిన ఉపాధ్యాయుని మాట పిల్లవాడు తరువాత వినడు కదా.

ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి ఐరోపాలో మొదలైన ఒక బృందం, డబ్ల్యూ3సీ నీడన పెరిగి, పరీక్షా నియమాలను ఎలా రాయాలన్న దానికే ఒక నియమావళిని తయారుచేసింది. 2019 అక్టోబరు 31న అది అధికారిక సిఫారసు అయింది. దానిని యాక్ట్ నియమాల పద్ధతి అంటారు. ప్రతి నియమమూ రెండు సంగతులు విడివిడిగా చెప్పాలి. మొదటిది వర్తింపు: ఈ నియమం పేజీలోని ఏ భాగానికి వర్తిస్తుంది? ఇది ఎవరు చూసినా ఒకటే కావాలి, అభిప్రాయానికి తావుండకూడదు. రెండవది అపేక్ష: ఆ భాగం ఎలా ఉండాలి? ఇక్కడ మనిషి వివేచన అవసరం కావచ్చు, కాని మాట రెండర్థాలకు లొంగకూడదు. ఆపైన ప్రతి నియమానికీ నమూనా జవాబులు: నెగ్గినవి, తప్పినవి, నియమం వర్తించనివి. కొత్త సాధనం ఆ నమూనాలను సరిగా దిద్దితేనే ఆ నియమాన్ని పాటిస్తున్నట్లు లెక్క.

మన పాత బొమ్మ సంగతే చూడండి. బొమ్మకు ఖాళీ కాని పేరు ఉన్నదా అన్నది ఒక నియమం. ఇది యంత్రం పని. ఆ పేరు బొమ్మను వర్ణిస్తున్నదా అన్నది వేరొక నియమం. ఇది మనిషి పని. బాబీ కాలంలో ఒకే గంపలో ఉన్న రెండు ప్రశ్నలను ఇలా విడదీశారు. మరొక జాగ్రత్త కూడా ఉన్నది: ఒక నియమం తప్పితే పేజీ ఆ అంశంలో తప్పినట్లే, నియమం నెగ్గినంత మాత్రాన చాలా సందర్భాలలో అంశం నెగ్గినట్లు కాదు, ఇంకా చూడవలసింది ఉంటుంది. ఇంతటి నిజాయితీ మన పరీక్షా విధానంలో కూడా ఉంటే ఎంత బాగుండును!

యంత్రం హద్దులను లోకానికి చాటిన రెండు ప్రయోగాలు ఈ కాలంలోనే జరిగాయి. 2017లో బ్రిటను ప్రభుత్వ డిజిటల్ సేవల విభాగం 142 లోపాలను కావాలని కూర్చిన పేజీ ఒకటి తయారుచేసి, పేరున్న సాధనాలన్నిటికీ ఇచ్చింది. అన్నిటికన్నా మెరుగైన సాధనం సైతం వాటిలో సగం పట్టలేదు. 29 శాతం లోపాలు ఏ సాధనానికీ చిక్కలేదు. 2019లో మానుయెల్ మతుజోవిచ్ అనే వెబ్ నిపుణుడు, ఎవరూ వాడలేని పేజీని చేసి, గూగుల్ వారి లైట్‌హౌస్ పరీక్షలో నూటికి నూరు తెప్పించి చూపాడు. అలాగని యంత్రాన్ని తీసిపారేయలేము. వెబ్‌ఎయిమ్ ఏటా పది లక్షల హోమ్ పేజీలను యంత్రంతో దిద్దుతున్నది. అంత పని మనుషుల వల్ల అయ్యేది కాదు. యంత్రానికి దొరికే తప్పులున్న పేజీలు 2019లో 97.8 శాతం, 2025లో 94.8 శాతం. బిట్ పేపరులోనే ఇంతమంది తప్పుతున్నారు! 2023 అక్టోబరులో వచ్చిన 2.2 కూర్పులో 86 అంశాలున్నాయి. యంత్రం అత్యంత సులభంగా దిద్దగలిగిన కోడు వ్యాకరణపు అంశాన్ని, ఇప్పటి బ్రౌజర్ల కాలంలో దానివల్ల ఎవరికీ మేలు లేదని, అందులోంచి తొలగించారు.

ఇక మన తెలుగు. పేజీ ఏ భాషలో ఉన్నదో దాని మొదటి వరుసలోనే ఒక సంకేతంతో చెప్పాలి: తెలుగుకు ‘టీఈ’, కన్నడానికి ‘కేఎన్’, తమిళానికి ‘టీఏ’, ఇంగ్లీషుకు ‘ఈఎన్’. స్క్రీన్ రీడర్ ఆ సంకేతాన్ని బట్టి గొంతును ఎంచుకొంటుంది. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు. దీనికి యాక్ట్ నియమాలు మూడు దశలుగా ఉన్నాయి. సంకేతం ఉన్నదా? అది చెల్లుబాటయ్యే సంకేతమేనా? పేజీలోని భాష నిజంగా అదేనా? మొదటి రెండూ యంత్రం క్షణంలో తేలుస్తుంది. మూడవది ఆ భాష తెలిసిన మనిషి చూడవలసినది. తెలుగు పాఠాల పేజీ మీద ‘ఈఎన్’ అని ఉంటే మొదటి రెండు పరీక్షలూ నెగ్గుతుంది, చిట్టా శుభ్రంగా వస్తుంది. వినే పిల్లవాడికి మాత్రం ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాల మీద తడబడుతుంది, లేదా వాటిని వదిలేసి పోతుంది. మనలాంటి ద్విభాషా పాఠశాలలకు మరొక మెట్టు ఉన్నది: కన్నడ పేజీ మధ్యలో తెలుగు పద్యం వస్తే ఆ పద్యానికి వేరుగా సంకేతం పెట్టాలి. అది పెట్టలేదని పట్టవలసినది ఎవరు? లండనులోనో న్యూయార్కులోనో కూర్చున్న పరీక్షకునికి అది తెలుగని కూడా తెలియకపోవచ్చు.

ఇంతకన్నా పెద్ద చిక్కు పాత ఫాంట్లది. యూనికోడులో తెలుగుకు 1991 నుంచే చోటున్నది. అయినా మన పత్రికలు, పుస్తకాలు చిరకాలం సొంత ఫాంట్లతో నడిచాయి. కంటికి ‘అమ్మ’ అని కనిపించే చోట లోపల ఉండేవి ఏవో లాటిన్ అక్షరాలు, చిహ్నాలు. చూపున్న పరీక్షకుడు చూస్తే చక్కని తెలుగు. యంత్రానికి అక్షరాలున్నాయి, కాబట్టి తప్పు లేదు. స్క్రీన్ రీడర్ చదివేది మాత్రం అర్థం లేని రొద. అప్పట్లో ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత అటువంటి పేజీలను యూనికోడులోకి మార్చి ఎందరికో మేలు చేసింది. డీటీపీలో ‘అను’ ఫాంట్లతో కూర్చి పీడీఎఫ్ చేసిన పాఠాలు మాత్రం ఇప్పటికీ ఆ రొదనే వినిపిస్తాయి. పేజీలను స్కాను చేసి బొమ్మలుగా పెట్టినవైతే ఆ రొద కూడా వినిపించవు.

రంగుల సంగతి కూడా ఒక మాట. మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య 4.5కు 1 తేడా ఉండాలని, పెద్ద అక్షరాలకు 3కు 1 చాలునని నియమం. పెద్దవి అంటే 18 పాయింట్లు. చైనా, జపాను, కొరియా లిపులకు తగిన పరిమాణం వేరుగా ఉండవచ్చునని ఆ నిర్వచనంలోనే రాశారు. మన ఒత్తుల ప్రస్తావన లేదు. 18 పాయింట్ల తెలుగు అక్షరం కింద ఒత్తు ఎంత చిన్నగా ఉంటుందో, లేత బూడిద రంగులో చూపు తక్కువైన పిల్లకు అది ఎంతవరకు కనిపిస్తుందో ఒకసారి పరీక్షించి చూడండి. తెలుగు తెలిసినవారు ఆ సమావేశాలలో అడగవలసిన ప్రశ్న ఇది.

మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. వాటి మూడవ కూర్పు 2023లో వెలువడింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రమాణాలను నిర్దేశించమన్నది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద చేసిన 15(1) నిబంధన సలహాలతో సరిపెడుతున్నదని దానిని కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని ఆదేశించింది. సలహాకూ నియమానికీ ఉన్న తేడా అమెరికాలో 2001లో ఎదురైన ప్రశ్నే. మన దగ్గర అది మన భాషలన్నిటితో కలిసి ఎదురవుతున్నది.

మీ బడి పేజీని గాని, మీ పిల్లలు చదివే పాఠాల పేజీని గాని కంప్యూటరులో తెరిచి, కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కండి. కోడు తెరుచుకొంటుంది. మొదటి వరుసలలో ‘లాంగ్’ అన్న మాట పక్కన ఏ సంకేతం ఉన్నదో చూడండి. తరువాత పేజీలోని ఒక తెలుగు వాక్యాన్ని ఎత్తి నోట్‌ప్యాడులో అతికించండి. తెలుగుగానే నిలిచిందా, లాటిన్ గీతలుగా మారిందా చూడండి. ఆపైన ఎన్‌వీడీఏను దించుకొని, తెర ఆపివేసి, ఆ పాఠాన్ని చివరిదాకా వినండి. మొదటి రెండు పరీక్షలకు అయిదు నిమిషాలు చాలు. మూడవదానికి ఒక పీరియడు పడుతుంది.